మోకాళ్ల నీళ్లు

ఆరోగ్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో పెద్ద కేసు ఏదైనా చెప్పండి సార్ అంటారు. వాళ్లు వినాలనుకునేది తుపానులో పురుడు, పాము కరిచిన మనిషి, పడవలో సెలైను సీసా లాంటివి. అవీ ఉన్నాయి. కానీ నేను చెప్పేది మోకాళ్ల కథ. అది అనగానే సగం మంది ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఫరవాలేదు. మోకాళ్లు మీకూ ఉన్నాయి, వాటి సంగతి ఇంకా మీకు తెలియలేదంతే.

నేను ఫార్మసిస్టుగా రిటైరయ్యాను. చివరి పోస్టింగు ఉద్దానం తీరంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్లు ఇంకా నాతో మాట్లాడుతున్నారు. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు, ఇసుక దిబ్బ దిగితే మత్స్యకారుల పేట, ఆ తర్వాత సముద్రం. పెద్ద ఆసుపత్రికి వెళ్లాలంటే పలాస, పెళ్లి బట్టలకు వెళ్లాలంటే టెక్కలి.

ఉద్దానం అనగానే బయటివాళ్లు కిడ్నీల గురించి అడుగుతారు. నిజమే, ఇక్కడ ఆ జబ్బు లేని వీధి కావాలంటే వెతుక్కోవాలి. కారణం ఇదీ అని ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు. వచ్చిన ప్రతి బృందమూ సీసాల్లో నీళ్లు పట్టుకుపోయింది. మాకు ఖాయంగా తెలిసిందొకటే, నొప్పి బిళ్లలు మింగే అలవాటుంటే మిగిలిన కిడ్నీ కూడా పోతుంది. అందుకని మా కేంద్రంలో వాటిని ఇవ్వడం మానేశాం. మంచి పనే. అయితే జీడి ఫ్యాక్టరీలో రోజంతా నేల మీద కూర్చుని జీడిపిక్కలు పగలగొట్టే ఆడమనిషికి, ఇసుకలో మడమలు పాతి వల లాగే మగమనిషికి కిడ్నీ గురించి ఎంత చెప్పినా మోకాలు వినదు. వాళ్లు నా కిటికీ దగ్గరకు వచ్చి నొప్పి బిళ్ల అడిగేవారు. నేను పారాసిటమాలూ, కాల్షియం బిళ్లలూ ఇచ్చేవాడిని. వాళ్లు వాటిని చేతిలో తిప్పి చూసి, ఇంతేనా అన్నట్టు నన్ను చూసేవారు. ఆ చూపు ముందు నా డిప్లొమా ఏమాత్రం పనికొచ్చేది కాదు.

ఇక మా సిబ్బంది. డాక్టరమ్మ గుంటూరు వైపు నుంచి వచ్చింది, చదువు అప్పుడే పూర్తయింది. ఆమెను చూస్తే ఎవరైనా ముందు డాక్టరు ఎక్కడ అని అడిగేవారు. హెడ్ నర్సు పెద్దావిడ, కేకలు వేయకుండా మనిషిని భయపెట్టగలదు. హెల్త్ సూపర్‌వైజరు నా ఈడువాడే, ఈ ప్రాంతంవాడే, నన్ను బావా అని పిలిచేవాడు. చుట్టరికం ఏమీ లేదు, మా వైపు బావా అనడానికి చుట్టరికం అక్కర్లేదు. అతనికి తెలియని విషయం లేదు. తెలియకపోతే ఫోనులో వీడియో ఉంటుంది.

ఆఖరున ఆయమ్మ. పేటలో మనిషి. మొగుడు డయాలసిస్‌కి పలాస తిరిగి తిరిగి పోయాడు. అప్పటినుంచి ఇంట్లో బావి నీళ్లు ముట్టకుండా ఊరి ఫిల్టరు ప్లాంటు నుంచి తెచ్చుకున్న టిన్ను నీళ్లే తాగేది. కేంద్రం మొత్తం శుభ్రం చేయాల్సింది ఆమె ఒక్కతే. ఫినాయిలు బకెట్టు పక్కన పెట్టుకుని, గుడ్డ పిండి, గొంతుక్కూర్చుని, వెనక్కి వెనక్కి జరుగుతూ గది తర్వాత గది తుడిచేది. పొద్దున్నే మేమందరం డాక్టరమ్మ గదిలో కూర్చుని టీ తాగుతుంటే ఆమె మా కుర్చీల కిందికి వచ్చేది. మేం మాట ఆపకుండా కాళ్లెత్తేవాళ్లం. ఆమె తుడిచి వెళ్లగానే దించేవాళ్లం. ఆ మాటలు ఎక్కువగా మోకాళ్ల గురించే ఉండేవి, ఎందుకంటే సూపర్‌వైజరుకూ హెడ్ నర్సుకూ మోకాళ్ల నొప్పులు. ఆయమ్మను ఎప్పుడైనా నీకెలా ఉందని అడిగితే, "నా మోకాళ్లకేటి బాబూ, అవి నాతోపాటే పోతాయి" అని నవ్వి బకెట్టు జరుపుకునేది.

ఇప్పుడు సూపర్‌వైజరు కనిపెట్టిన మందు దగ్గరకు వద్దాం.

అతని వియ్యంకుడికి టెక్కలి అవతల ఉప్పు మడుల దగ్గర పని. ఏదో శుభకార్యానికి అక్కడికి వెళ్లిన సూపర్‌వైజరు మాటల మధ్య మడి గట్టు మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడట. ఉప్పు తీసేశాక మడిలో చిక్కటి చేదు నీళ్లు మిగులుతాయి, నూనెలా జారుతూ, ఎండకు వేడెక్కి ఉంటాయి. అందులో కాసేపు కాళ్లు పెట్టుకునేసరికి మోకాళ్లు హాయిగా ఉన్నాయి. ఎవరికైనా ఉంటాయి. పనీపాటా లేకుండా వేడి నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే మా డిపార్టుమెంటుకే నొప్పులు తగ్గుతాయి. అక్కడితో ఆగి ఉంటే మంచిదే. కానీ ఇంటికొచ్చి ఫోను తీశాడు. ఒక వీడియోలో తెల్లకోటు వేసుకున్న మనిషి ఎముకలకు మెగ్నీషియం కావాలన్నాడు, మడి నీళ్లలో చేదంతా అదే. ఇంకో వీడియోలో ఇంకో తెల్లకోటు, ఫిల్టరు నీళ్లలో ఖనిజాలు ఉండవు, అవి తాగేవాళ్ల కీళ్లు అరిగిపోతాయి అన్నాడు. మూడు సగం నిజాలు ఒక మనిషి తలలోకి ఒకే వారంలో చేరాయి.

మా వైపు ఆ ఫిల్టరు నీళ్లను అందరూ మినరల్ వాటర్ అంటారు. మినరల్స్ తీసేసిన నీళ్లకు ఆ పేరేమిటని అప్పటిదాకా ఎవరికీ అనుమానం రాలేదు. సూపర్‌వైజరుకు వచ్చింది. కిడ్నీ భయంతో ఇన్నేళ్లుగా ఈ నీళ్లు తాగుతున్నాం, అందుకే ఊరి మోకాళ్లన్నీ పోయాయి, తీసేసిన ఖనిజాలు మళ్లీ కలుపుకోవడమే మందు అని తేల్చాడు. ఈ నీళ్లు రాకముందు ఇక్కడి ముసలివాళ్లు మోకాళ్లు పట్టుకుని మూలిగేవారు కాదా అని అడిగాను. నాకు శాస్త్రీయ దృష్టి లేదన్నాడు.

"పైన పెడితేనే అంత హాయిగుంటే, లోపలికెల్తే ఎలాగుంటాదో ఆలోసించు బావా" అన్నాడు. నేను ఆలోచించి, కిరసనాయిలు కూడా పైన రాస్తే వేడిగా ఉంటుంది కదా అన్నాను. అతను నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో వియ్యంకుడి చేత ఒక పెద్ద డబ్బా తెప్పించుకున్నాడు.

ఆ నీళ్లను గుడ్డతో వడకట్టి, మరిగించి, చల్లార్చి, ఖాళీ దగ్గుమందు సీసాల్లో పోసి పంచడం మొదలుపెట్టాడు. చెంబుడు టిన్ను నీళ్లలో ఒక మూత, ఉదయం సాయంత్రం. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. అదే కొంప ముంచింది. డబ్బులు అడిగి ఉంటే మా వాళ్లు అనుమానించి బేరమాడి వదిలేసేవారు. ఉచితంగా, అదీ గవర్నమెంటు మనిషి, ఇంటికొచ్చి ఇస్తే ఎవరు కాదంటారు? పేటలో దానికి మోకాళ్ల నీళ్లు అని పేరొచ్చింది. డాక్టరమ్మకు చెప్పనా అనుకున్నాను. ఆమెకు తెలుసనీ, నవ్వి ఊరుకుందనీ హెడ్ నర్సు చెప్పింది. అవి కాళ్లకు రాసుకునే నీళ్లని మాత్రమే ఆమెకు చెప్పారని తర్వాత తెలిసింది.

మందు పనిచేసింది. అదే అసలు విడ్డూరం. తాగిన వాళ్లలో చాలామందికి మోకాళ్ల నొప్పి తగ్గింది. ఎందుకు తగ్గిందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ చేదు నీళ్లు పొట్టలోకి వెళితే విరేచనాలవుతాయి. విరేచనాలైతే మనిషి రెండు మూడు రోజులు ఫ్యాక్టరీకి వెళ్లదు, నేల మీద కూర్చుని పిక్కలు కొట్టదు, మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుంటుంది. మోకాళ్లకు పెళ్లయిన దగ్గర్నుంచీ దొరకని విశ్రాంతి దొరుకుతుంది. లేచాక నడిచి చూసుకుంటే నొప్పి తక్కువగా ఉంటుంది. మహిమ మోకాళ్ల నీళ్లకు పోతుంది. తాగినవాళ్లు విరేచనాల సంగతి అడిగితే సూపర్‌వైజరు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది, ఒంట్లో చెడు బయటికి పోతోందన్నాడు. మన దేశంలో ఈ ఒక్క మాటకు ఎదురు చెప్పగలిగిన చదువు ఇంకా రాలేదు.

అందుకే ఎవరూ ఆ నీళ్ల గురించి మాకు ఫిర్యాదు చేయలేదు. విరేచనాలకు మాత్రం వచ్చేవారు. ముందు ఒకరిద్దరు, తర్వాత రోజూ ఓపీలో అవే. హెడ్ నర్సు డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ పైకి ఫోను చేసింది. మా డిపార్టుమెంటులో అతిసారం అన్న మాట నోటి నుంచి బయటికొస్తే జీపులు వాటంతట అవే కదులుతాయి.

జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. మర్యాదస్తుడే, కానీ వచ్చేటప్పుడే కారణం వెంట తెచ్చుకున్నాడు. నీళ్ల ప్లాంటులో లోపం ఉందని జీపు దిగకముందే అన్నాడు. పరీక్షలు పూర్తయ్యేదాకా ప్లాంటు మూయించాడు. బావుల్లో బ్లీచింగు చల్లే బాధ్యత ఎవరికిచ్చారో మీరు ఊహించగలరు. మా సూపర్‌వైజరు మోకాలికి పట్టీ కట్టుకుని, బకెట్టు పట్టుకుని బావి తర్వాత బావికి తిరిగాడు. అంత నిజాయితీగా పనిచేసిన మనిషిని నేను చూడలేదు. దొంగను పట్టుకోవడానికి దొంగే పగలంతా టార్చిలైటు పట్టుకుని తిరిగాడు, తాను దొంగనని అతనికే తెలియదు. నేను ఓఆర్ఎస్ పొట్లాలు పంచుతుంటే పక్కన నిలబడి, ఆ నీళ్లలో కూడా ఒక మూత వేసుకుంటే ఒంటికి బలమని జనానికి చెప్పేవాడు. నేనప్పుడు కిటికీలోంచి ఇంకో మనిషికి పొట్లం ఇస్తూ సగమే విన్నాను, బలానికి ఉప్పూ పంచదారా గురించి చెబుతున్నాడనుకున్నాను.

ప్లాంటు మూసేసరికి పేటలో గోల మొదలైంది. కిడ్నీలు పోతాయని మీరే బావి నీళ్లు మాన్పించారు, ఇప్పుడు మీరే తాగమంటున్నారు అని ఆడవాళ్లు అధికారి జీపుకు అడ్డంగా నిలబడ్డారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. ఆఖరికి బావి నీళ్లు తాగక తప్పలేదు. భయం పోవడానికి ఒక మూతకు బదులు రెండు మూతలు వేసుకోవడం మొదలుపెట్టారు. ఫిల్టరు నీళ్లలో ఖనిజాలు లేవు కాబట్టి ఒక మూత అయితే, బావి నీళ్లలో ఉన్నాయి కాబట్టి అసలు అక్కర్లేదు కదా అని మీరడగవచ్చు. అడగకండి. భయపడిన మనిషి లెక్కలు వేరు.

ఇదంతా జరుగుతున్న రోజుల్లోనే ఒక పొద్దున్న డాక్టరమ్మ గదిలో సమావేశం పెట్టారు. అధికారి, డాక్టరమ్మ, సూపర్‌వైజరు, హెడ్ నర్సు, నేను. టీలు వచ్చాయి. అధికారి ప్లాంటు నీళ్లలో ఏ క్రిములుండవచ్చో చెబుతున్నాడు. అన్నీ విని డాక్టరమ్మ ఒక మాట అడిగింది. ఆ ప్లాంటు నీళ్లు బడిలో పిల్లలూ తాగుతారు, అంగన్‌వాడీలో పసివాళ్లూ తాగుతారు, మరి వచ్చిన వాళ్లలో పిల్లాడు ఒక్కడూ లేడేమిటి అంది. అధికారి టీ గ్లాసు కింద పెట్టాడు. హెడ్ నర్సు ఒక్క క్షణం ఆలోచించి, అవునమ్మా, అందరూ పెద్దవాళ్లే, అందరూ మోకాళ్ల మీద చేయి వేసుకుని కూర్చునే రకమే అంది. ఏ క్రిమి అయినా ఊళ్లోకి వచ్చి మోకాళ్ల నొప్పులున్నవాళ్లనే ఏరుకుని పడుతుందా అని డాక్టరమ్మ అధికారిని అడిగింది. ఇక్కడందరికీ మోకాళ్ల నొప్పులేనని, అది ఇక్కడ లెక్కలోకి రాదని సూపర్‌వైజరు ఆమెకు అనునయంగా చెప్పాడు.

అప్పుడే ఆయమ్మ బకెట్టుతో లోపలికి వచ్చింది. మేం మాట ఆపకుండా కాళ్లెత్తాం. అధికారి కూడా ఎత్తాడు, అలవాటున్నవాడే. తుడుస్తూ తుడుస్తూ ఆమె బీరువా మూలకు వెళ్లింది. మేం కాళ్లు దించాం. కాసేపటికి చూస్తే ఆమె ఆ మూలనే ఉంది. గోడకు ఆనుకుని, చేతిలో గుడ్డ పట్టుకుని, తల వాల్చేసి కూర్చుంది. అలసిపోయిందనుకున్నాం. హెడ్ నర్సు పిలిచింది. కళ్లు సగం తెరిచి, "నిద్రొత్తందమ్మా" అంది. మాట ముద్దముద్దగా వచ్చింది. లేవబోయింది, కాళ్లు సహకరించలేదు.

డాక్టరమ్మ కుర్చీ తోసేసి వెళ్లి నేల మీద కూర్చుంది. నాడి చూసింది. ఊపిరి మెల్లగా ఉందంది. పక్షవాతమా అని అధికారి అడుగుతున్నాడు, ఆమె వినిపించుకోలేదు. ఆయమ్మను ఎత్తి బల్ల చివర కూర్చోబెట్టమంది. కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. చిన్న రబ్బరు సుత్తి తీసి మోకాలి కింద కొట్టింది. కొడితే కాలు ఎగరాలి, మీకు తెలుసు. ఎగరలేదు. రెండో కాలూ అంతే. మళ్లీ కొట్టింది. ఇరవై ఏళ్లుగా మా కుర్చీల కింద తిరిగిన ఆ మోకాళ్లు ఉలుకూ పలుకూ లేకుండా వేలాడాయి. వాటిని మేమందరం మొదటిసారి సరిగా చూశాం.

డాక్టరమ్మ చదువుకునేటప్పుడు ప్రసూతి వార్డులో పనిచేసింది. గర్భిణికి ఫిట్స్ వస్తే మెగ్నీషియం ఇంజెక్షన్ ఇస్తారు. ఇచ్చే ప్రతిసారీ సుత్తితో మోకాలు కొట్టి చూస్తారు. మోకాలు స్పందించడం మానేస్తే మెగ్నీషియం ఒంట్లో ఎక్కువైందని గుర్తు. అందుకే ఆమె ఆయమ్మను జబ్బు గురించి కాక, ఏం తాగావని అడిగింది.

ఆయమ్మ మెల్లగా చేయి ఎత్తి సూపర్‌వైజరు వైపు చూపించింది. "ఆ బాబిచ్చిన నీళ్లేనమ్మా. ప్లాంటు మూసీసినారు కదా, రెండేసి మూతలు ఏసుకున్నాను. తొందరగా తగ్గుతాదని నిన్న ఇంకాసిన్ని తాగినాను."

సూపర్‌వైజరు తన సంచిలోంచి దగ్గుమందు సీసా తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. ఎక్కడివని అడిగితే ఉప్పు మడులవని చెప్పాడు. అంత చిన్న గొంతుతో అతను మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఆమె నావైపు తిరిగి కాల్షియం ఇంజెక్షన్ ఉందా అంది. ఉంది. ఫిట్స్ ఇంజెక్షన్ పక్కనే, దానికి విరుగుడుగా ఎప్పుడూ పెట్టి ఉంచేదే. నా సర్వీసులో నేను పరిగెత్తింది తక్కువ. ఆ రోజు పరిగెత్తాను.

ఇంజెక్షన్ మెల్లగా ఎక్కిస్తూ డాక్టరమ్మ ఇంకో మాట అడిగింది, కిడ్నీ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నావా అని. ఆయమ్మ మెల్లగా చెప్పింది. పలాసలో చూపించుకుందట, సగం పోయాయన్నారట. ఎవరికీ చెప్పలేదు. "సెప్తే పనిలోంచి తీసీరా అమ్మా? నాకింకెవులున్నారు" అంది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. కిడ్నీ జబ్బు మీద మేం ఊరూరా అవగాహన సదస్సులు పెట్టేవాళ్లం. ఆ సదస్సులకు కుర్చీలు వేసేదీ, తీసేదీ ఆమె.

మంచి కిడ్నీలుంటే ఎక్కువైన ఖనిజాన్ని బయటికి నెట్టేస్తాయి, విరేచనాలతో పోతుంది. పాడైనవి నెట్టలేవు. అది నెత్తురులో పేరుకుని నరాలను, కండరాలను మొద్దుబారుస్తుంది, ఆ తర్వాత ఊపిరిని, ఆ తర్వాత గుండెను. ఉద్దానంలో మనుషుల చేత ఖనిజాల నీళ్లు తాగించడమంటే ఇదీ. వేరే ఊళ్లో అయితే ఈ మందు ఊరంతటినీ నాలుగుసార్లు దొడ్డికి పంపి ఊరుకునేది.

ఇంజెక్షన్ పూర్తయ్యేసరికి ఆమె ఊపిరి కొంచెం గట్టిపడింది. అంబులెన్సులో పలాసకు, డయాలసిస్‌కి తీసుకెళ్లాలి. సూపర్‌వైజరు అప్పుడు డాక్టరమ్మ ముందుకొచ్చి నిలబడ్డాడు. "నానూ తాగినానమ్మా, రోజూ" అన్నాడు. ఆమె అతన్ని అదే బల్ల మీద కూర్చోబెట్టి మోకాలి మీద కొట్టింది, అవసరమైన దానికన్నా కాస్త గట్టిగానే. కాలు ఎగిరి అధికారి టీ గ్లాసుకు తగిలింది. కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నాయి, వెళ్లి అంబులెన్సు ఎక్కండి అంది. అతను ఎక్కాడు. ఆమె డయాలసిస్ జరిగినంతసేపూ గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడట. మర్నాడూ వెళ్లాడు, ఆ తర్వాతా వెళ్లాడు. ఎవరూ వెళ్లమనలేదు.

ఆమె బతికింది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు మిగతాది సరిగా వినరు.

ఆ వారమంతా సూపర్‌వైజరు ఇల్లిల్లూ తిరిగి సీసాలు వెనక్కి అడిగాడు. పంచినప్పటికన్నా ఇదే కష్టమైంది. "మంచి మందిచ్చి మల్లీ లాక్కుపోతారేటి?" అని అడిగిందొక ముసలమ్మ. ఇంజెక్షన్లు అమ్ముడుపోవడం లేదని డాక్టరమ్మ మాన్పించిందని పేటలో చెప్పుకున్నారు, మా కేంద్రంలో అమ్మకమే లేదన్న సంగతి ఎవరికీ అడ్డురాలేదు. అది ప్రాణం తీస్తుందని చెబితే, మాకేం కాలేదు కదా అన్నారు. నిజమే, వాళ్లకేం కాలేదు. ఎవరి కిడ్నీ సంగతి ఏమిటో ఎవరికీ తెలియని ఊళ్లో ఆ మాట అనుకోవడానికి ఎంత ధైర్యం కావాలో వాళ్లకు తెలియదు. ఆఖరికి డాక్టరమ్మ, మోకాళ్ల నీళ్లు తాగినవాళ్లందరికీ రక్తపరీక్ష చేయాలి, సూది గుచ్చుతాం అని చెప్పించింది. సీసాలు సాయంత్రానికల్లా వచ్చేశాయి. ప్లాంటు తెరిచారు. అధికారి వెళుతూ వెళుతూ, నీళ్లలో ఏ దోషమూ లేదని నేను మొదటే అనుకున్నాను అన్నాడు.

కొన్నాళ్లకు ఆయమ్మ తిరిగి వచ్చింది. చిక్కిపోయింది. కిడ్నీలు మళ్లీ ఎప్పటి సగానికి వచ్చాయి, ప్రస్తుతానికి డయాలసిస్ అక్కర్లేదు, జాగ్రత్తగా ఉండాలి అన్నారు. ఆమె ఉద్యోగం పోకుండా డాక్టరమ్మ పైవాళ్లతో చేసిన పోరాటం వేరే కథ, అందులో ఆ అమ్మాయి గొంతు జిల్లా కేంద్రం దాకా వినిపించింది.

వచ్చిన మొదటి పొద్దున్న మేం అందరం డాక్టరమ్మ గదిలోనే ఉన్నాం. టీలు వచ్చాయి. ఆయమ్మ మోకాళ్లకు ఇక ఏం చేయాలి అన్నది చర్చ. నొప్పి బిళ్లలు ఇవ్వకూడదు. కాల్షియం కూడా చూసి ఇవ్వాలి. హెడ్ నర్సు వ్యాయామం అంది. నేను బరువు తగ్గాలి అనబోయి, తగ్గడానికి ఆమె ఒంట్లో ఏమీ లేదని ఊరుకున్నాను. సూపర్‌వైజరు కొత్తగా ఒక ఆకు పసరు గురించి మొదలుపెట్టి, డాక్టరమ్మ ముఖం చూసి, అది పైకి మాత్రమే అన్నాడు. అందరికీ నిజంగానే ఆమె మీద ప్రేమ. ఆ మాటలు అలా నడుస్తుండగా తలుపు దగ్గర బకెట్టు చప్పుడైంది. ఆయమ్మ గొంతుక్కూర్చుని, గుడ్డ పిండుకుని, వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చింది. మేం నలుగురం మాట ఆపకుండా కాళ్లెత్తాం.

డాక్టరమ్మ ఎత్తిన కాళ్లు అలాగే గాలిలో ఉంచి, ఆమెను చూస్తూ ఉండిపోయింది. తర్వాత అడిగింది.

"ఆయమ్మా, ఈ గుడ్డకి కర్ర పెట్టుకుని, నిలబడి తుడవకూడదా?"

"కర్రలవి ఉన్నాయి కదమ్మా" అంది ఆయమ్మ, తుడవడం ఆపకుండానే. "స్టోరులో ఉన్నాయి. తనికీవోలొచ్చినప్పుడే తియ్యమన్నారు."

అవును. ఆసుపత్రుల శుభ్రతకు మార్కులు వేసే రోజుల కోసం పంపిన సామాను అది. కొత్త దుప్పట్లు, రంగు బకెట్లు, పొడుగు కర్రల మాపులు. వాడితే పాతబడతాయని పాలిథిన్ కవరు కూడా విప్పకుండా పెట్టాం. తనిఖీ రోజు ఆయమ్మ చేతికి ఒక మాపు ఇచ్చి నిలబెట్టి ఫొటో తీసేవారు, సాయంత్రం మళ్లీ తుడిచి లోపల పెట్టేవారు. స్టోరు తాళంచెవి డాక్టరమ్మ గదిలోనే, మా ఎదురుగా గోడకు, మేకుకు వేలాడుతోంది. ఇన్నేళ్లూ మేం మోకాళ్ల గురించి మాట్లాడింది దాని కిందే.

సూపర్‌వైజరు లేచాడు. ఎవరూ చెప్పకుండానే తాళంచెవి తీసుకుని, కుంటుకుంటూ వెళ్లి, మాపు తెచ్చి, పాలిథిన్ కవరు పళ్లతో చింపాడు. ఆమె చేతికిచ్చి ఏదో అనబోయాడు. కళ్లు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఆ మనిషి మీద నాకున్న కోపమంతా అక్కడితో పోయింది. వెక్కిరింత మాత్రం పోలేదు, అది ఇప్పటికీ ఇద్దరికీ కాలక్షేపం.

ఆయమ్మ నిలబడి గది తుడిచింది. మేం కాళ్లెత్తబోయాం, అక్కర్లేకపోయింది, కర్ర కుర్చీల కింద దానంతట అదే తిరిగింది. అంతా అయ్యాక ఆమె బీరువా మూల చూసి అసంతృప్తిగా తల ఊపింది. మూలల్లోకి ఇది పోవడం లేదంటూ గుడ్డ తీసుకుని మళ్లీ కిందికి కూర్చోబోయింది. నలుగురం ఒక్కసారే వద్దన్నాం. మూలలు అలాగే ఉండనిమ్మన్నాం.

తర్వాత తనిఖీ వచ్చింది. ఆ బృందం గది గదీ తిరిగి, మాపు పాతబడిందనీ, మూలల్లో దుమ్ము ఉందనీ మా కేంద్రానికి మార్కులు తగ్గించింది. ఆ ఏడాది మాకు బహుమతి రాలేదు. నేను చేసిన ఉద్యోగం మొత్తంలో మా మీద రాసిన రిమార్కులు చాలా ఉన్నాయి, మెచ్చుకున్నవీ ఉన్నాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మూలల్లో దుమ్ము ఉందన్నదే.

మీ కేంద్రానికి వెళ్లాక ఒకసారి మూలలు చూడండి. అద్దంలా మెరుస్తుంటే, అక్కడ తుడిచే మనిషి మోకాళ్లెలా ఉన్నాయో అడగండి. అడిగేటప్పుడు మీ కాళ్లు నేల మీదే ఉండాలి.